‘బండి మీదున్న’ అన్నాక కూడా...

“ఏడిదాక వచ్చినవ్ బిడ్డా?”

“సుబేదారి దాటిన బాపూ. బండి మీదున్న.”

ఆ జవాబు వినగానే నేను ఫోన్ పెట్టేయాల్సింది. పెట్టలేదు. వచ్చే దారిలో పాలపాకెట్ తెమ్మన్నాను. ఎన్ని తేవాలని అడిగింది, చెప్పాను. ఆదివారం మేనమామ వాళ్ళింటికి పోదామా వద్దా అన్న సంగతి కూడా సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది. ఆ మాట సగంలో ఉండగా ఫోన్‌లో కీచుమని బ్రేకు చప్పుడు, ఎవరిదో కేక, ఆ వెంటనే నిశ్శబ్దం. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. ఇంకోసారి చేశాను, ఎత్తలేదు. చెప్పులు వేసుకొని గేటు దాకా వచ్చాక ఆమే చేసింది. “ఏం కాలే బాపూ. ఆటో సడన్‌గ ఆపిండు. బండి జారింది, ఫోన్ పడ్డది, గంతే.”

ఇంటికొచ్చాక చూస్తే మోకాలి దగ్గర చుడీదార్ చిరిగి ఉంది. ఎడమ అరచేతిలో కంకర గుచ్చుకుంది. ఫోన్ అద్దం పగిలినందుకు నా బిడ్డ నాకు సంజాయిషీ చెప్పుకుంటోంది. నేనేమో ఆటో అతన్ని తిడుతున్నాను. చేతికి పసుపు అద్దుతూ మా ఇంటావిడ ఒక్కటే మాట అడిగింది: “అప్పుడు ఫోన్ల ఎవలున్నరు?”

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. బండి నడుపుతూ ఫోన్ మాట్లాడటం ప్రమాదమని తెలియనివాళ్ళు వరంగల్‌లో లేరు. అదాలత్ కూడలిలో హోర్డింగ్ చూసి నేర్చుకోవాల్సిన సంగతి కాదు అది. తెలిసీ ఎందుకు ఆగడం లేదంటే, మనం ఎప్పుడూ కాల్‌కు ఒక చివరే చూస్తున్నాం కాబట్టి. హ్యాండిల్ పట్టుకున్న మనిషిని చూస్తున్నాం, అతనికే చలానా రాస్తున్నాం, అతనికే నీతులు చెబుతున్నాం. అవతలి చివర కుర్చీలో కూర్చొని, బండి మీదున్నాడని తెలిసి కూడా మాట సాగదీస్తున్న మనం ఎవరి లెక్కలోనూ లేము.

మా అమ్మాయి ఆ రోజు ఫోన్ చేత్తో పట్టుకోలేదు. చెవులకు చున్నీ చుట్టి, దాని మడతలో ఫోన్ దోపి, మీద హెల్మెట్ పెట్టుకుంది. మన ఊళ్ళో స్కూటీ నడిపే ఆడపిల్లల్లో ఇది మామూలే. మగపిల్లలైతే హెల్మెట్‌కూ చెవికీ మధ్య ఇరికిస్తారు, లేదా మెడ వంచి భుజానికి ఆనించి నడుపుతారు. అంటే మా పిల్ల చేతులు రెండూ హ్యాండిల్ మీదే ఉన్నాయి. కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. ముందు పోతున్న ఆటో ఆమె కళ్ళకు కనబడుతూనే ఉంది. అయినా అది ఆగుతోందన్న సంగతి మనసుకు ఎక్కేసరికి ఆలస్యమైంది. ఆ అరక్షణం మనసు ఎక్కడుంది? పాలపాకెట్ దగ్గరా, మేనమామ ఇంటి దగ్గరా. అక్కడికి తీసుకుపోయింది నేను.

దీనికి శాస్త్రం చెప్పే లెక్క కూడా ఉంది. 1997లో కెనడాలోని టొరంటోలో రెడెల్‌మయర్, టిబ్షిరానీ అనే ఇద్దరు పరిశోధకులు, ప్రమాదానికి గురైన 699 మంది డ్రైవర్ల ఫోన్ బిల్లులను ముందేసుకున్నారు. ప్రమాదం ఎప్పుడు జరిగింది, ఆ కాస్త ముందు కాల్ ఉందా అని ఒక్కొక్కటీ సరిపోల్చారు. ఫోన్‌లో ఉన్నప్పుడు ప్రమాదం జరిగే అవకాశం లేనప్పటి కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. చేత్తో పట్టుకోకుండా మాట్లాడే ఏర్పాటు ఉన్నవాళ్ళకు దానివల్ల ఒరిగింది ఏమీ కనబడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇవాళ్టికీ ఆ నాలుగు రెట్ల మాటే చెబుతోంది.

అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. 2006లో ప్రచురించిన అధ్యయనంలో మద్యం తాగిన డ్రైవర్లనూ, ఫోన్ మాట్లాడే డ్రైవర్లనూ నమూనా వాహనంలో కూర్చోబెట్టి పోల్చింది. తాగినవాళ్ళ రక్తంలో మద్యం అక్కడి చట్టపు హద్దు దగ్గర, అంటే 100 మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాములు ఉంది. ఫోన్ మాట్లాడేవాళ్ళు బండి నడిపే తీరు అంతకు తీసిపోనంత ప్రమాదకరంగా ఉందని ఆ అధ్యయనం తేల్చింది. మన దేశంలో చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. అంటే మనం డ్రంకెన్ డ్రైవ్ కింద పట్టుకొని కోర్టుకు పంపే మనిషి కంటే రెండున్నర రెట్లు ఎక్కువ తాగినవాడితో సమానంగా, ఒక చుక్క కూడా ముట్టని మనిషి ఫోన్ పట్టుకొని నడుపుతున్నాడన్నమాట. తాగి దొరికితే కోర్టు, కౌన్సెలింగ్, ఇంటివాళ్ళ ముందు తలవంపులు. ఫోన్‌తో దొరికితే ఒక ఎస్సెమ్మెస్, ఒక చలానా.

ఇక్కడ చాలామంది ఒక మాట అడ్డు వేస్తారు. “పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడితే తప్పు లేదు కదా, ఫోన్‌లో మాట్లాడితే ఏం?” ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే అసలు విషయమే అర్థమవుతుంది. పక్కన కూర్చున్న మనిషికీ రోడ్డు కనబడుతుంది. హన్మకొండ చౌరస్తా రాగానే అతను మాట ఆపేస్తాడు. గేదె అడ్డం వస్తే “ఆగాగు” అంటాడు. డ్రైవర్ జవాబివ్వకపోతే ఎందుకివ్వలేదో అతనికి తెలుసు. అందుకే పక్కనున్న పెద్దమనిషి తరచుగా ఇంకో జత కళ్ళవుతాడు. స్ట్రేయర్ బృందమే 2008లో ఈ తేడాను కూడా పరీక్షించి చూపింది. ఫోన్‌లో ఉన్నవాడికి చౌరస్తా కనబడదు, గేదె కనబడదు, ఎదురొస్తున్న లారీ కనబడదు. అతనికి వినబడేది మౌనం ఒక్కటే. ఆ మౌనాన్ని అతను భరించడు. “హలో... హలో... ఇనబడుతుందా?” అంటాడు. సరిగ్గా లారీని దాటుతున్న క్షణంలో డ్రైవర్ “ఆ, ఇనబడుతుంది చెప్పు” అనాల్సి వస్తుంది.

ఫోన్ పెట్టేశాక కూడా మనసు వెంటనే రోడ్డు మీదికి రాదు. స్ట్రేయర్ 2015లో చేసిన మరో పరిశీలనలో, కారులో నోటితో ఆజ్ఞలు చెప్పి పనిచేయించుకునే పరికరాలు వాడిన కొందరికి ఆ ధ్యాస పూర్తిగా వదలడానికి 27 సెకన్ల దాకా పట్టింది. 27 సెకన్లు! గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే అది దాదాపు అర కిలోమీటరు. ఫాతిమానగర్‌లో మాట ముగించిన మనిషి ఆ అర కిలోమీటరు సగం మనసుతోనే నడుపుతాడు.

ఇక చేతిలో ఫోన్ పట్టుకొని, మెసేజ్ చదువుతూ, రీల్ చూస్తూ నడిపేవాళ్ళ సంగతి చెప్పేదేముంది? యాదాద్రి నుంచి వరంగల్ వచ్చే 163వ జాతీయ రహదారి మీద 80 కిలోమీటర్ల వేగం పెద్ద వేగమేం కాదు. ఆ వేగంలో ఐదు సెకన్లు తలదించితే బండి 110 మీటర్లు దాటిపోతుంది. పది ఆర్టీసీ బస్సుల్ని ఒకదాని వెనక ఒకటి నిలబెడితే ఎంత పొడవో అంత. అంత దూరం కళ్ళు మూసుకొని నడపమంటే ఏ డ్రైవరైనా నడుపుతాడా? రఘునాథపల్లి దగ్గరో స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరో ఒక లారీ టైరు పంక్చరై రోడ్డు పక్కన ఆగి ఉండటానికి ఆ 110 మీటర్లు చాలు.

బైకు, స్కూటీల సంగతి ఇంకా సున్నితం. దేశంలో 2022లో రోడ్డు మీద చనిపోయినవాళ్ళలో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనదారులే. ఎడమచేత్తో ఫోన్ పట్టుకుంటే బైకు మీద క్లచ్ పోతుంది. క్లచ్ లేనివాడు గేరు తగ్గించడు, గేరు తగ్గించనివాడు వేగం తగ్గించడానికి ఇష్టపడడు. అందుకే ఫోన్ మాట్లాడేవాడు స్పీడ్ బ్రేకర్ మీద కూడా అదే ఊపున పోతుంటాడు. స్కూటీ మీదైతే ఎడమచేతి లివర్‌లోనే ప్రాణం ఉంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా ఉన్న బండ్లకు రెండు చక్రాలనూ కలిపి ఆపే కాంబి బ్రేక్ తప్పనిసరి చేశారు. స్కూటీల్లో అది పనిచేసేది ఎడమ లివర్‌తోనే. ఆ చేతిలో ఫోన్ ఉంటే మిగిలేది కుడిచేతి కింది ముందు బ్రేకు ఒక్కటే. కంగారులో దాన్ని గట్టిగా నొక్కితే, కింద ఇసుకో కంకరో ఉంటే బండి పక్కకు పడుకుంటుంది. కంపెనీ పెట్టిచ్చిన రక్షణను మనమే చేతులారా తీసేసి రోడ్డెక్కుతున్నాం.

పైగా మన రోడ్లు మన మనసు మొత్తం అడుగుతాయి. నర్సంపేట, పరకాల దారుల్లో కోతలయ్యాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పెడతారు. చీకటిపడ్డాక ఆ రాయి కనబడాలంటే చూపంతా దాని మీదే ఉండాలి. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లో వెనక లైటు లేని ట్రాలీ తెల్లవారుజామున మన ముందే పోతుంటుంది. ఎంజీఎం ఆస్పత్రి నుంచి ములుగు రోడ్డు దాకా ఆటో ఎక్కడ ఆగుతుందో ఆటో అతనికే తెలియదు, చెయ్యెత్తిన మనిషికి తెలుసు. ఇట్లాంటి చోట సగం మనసుతో నడిపే మనిషికి అదృష్టం తప్ప వేరే దిక్కు లేదు.

అయితే ఇంత ప్రమాదం జరుగుతుంటే అది లెక్కల్లో ఎందుకు కనబడదు? కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో ఫోన్ వాడకం వల్ల పోయినవాళ్ళు 3,395 మంది, అంటే 2 శాతం. అతివేగం వల్ల పోయినవాళ్ళు 71 శాతం. ఈ అంకెలు చూసి ఫోన్ చిన్న సమస్యే అనుకుంటే పొరపాటు. ఈ లెక్క ఎట్లా పుడుతుందో ఒక్కసారి చూడండి.

ప్రమాదం జరుగుతుంది. కానిస్టేబుల్ వచ్చేసరికి బండి ఒకచోట, మనిషి ఒకచోట, ఫోన్ ఇంకోచోట పడి ఉంటాయి. దెబ్బతిన్నవాళ్ళ ఇంటివాళ్ళకు కబురు చేయడానికి పోలీసులు మొదట వెతికేది కూడా ఆ ఫోన్‌నే. క్షణం ముందు అది ఎవరి చెవి దగ్గర ఉందో ఎవరూ చెప్పరు. నడిపినవాడు బతికితే ఒప్పుకోడు, చచ్చిపోతే చెప్పలేడు. ఫిర్యాదులో “అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి” అన్న వాక్యం పడుతుంది. ఒకప్పుడు ఐపీసీ 304-ఏ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్. సెక్షన్ నంబరు మారింది గానీ వాక్యం మారలేదు. అజాగ్రత్త అనే ఆ ఒక్క మాట కింద నిద్ర, ఫోన్, పరధ్యానం అన్నీ పూడుకుపోతాయి. ఐఐటీ మద్రాసు, జాతీయ సమాచార కేంద్రం కలిసి తయారుచేసిన ఐరాడ్ అనే ప్రమాదాల సమాచార వ్యవస్థ వచ్చాక పోలీసులు ఘటనాస్థలం నుంచే వివరాలు ఎక్కిస్తున్నారు. మంచిదే. కానీ కళ్ళకు కనబడినదే కదా ఎక్కిస్తారు. వేగానికి టైర్ల గుర్తులు ఉంటాయి, మద్యానికి రక్తపరీక్ష ఉంటుంది. ఫోన్‌కు? ఒక దొంగతనం జరిగితే కాల్ డేటా తెప్పించే పోలీసు శాఖకు, ఒక మనిషి రోడ్డు మీద చనిపోతే ఆ నిమిషానికి డ్రైవర్ ఫోన్‌లో ఉన్నాడా లేదా అని కంపెనీని అడగడం ఇంకా అలవాటుగా మారలేదు. టొరంటో పరిశోధకులు చేసింది సరిగ్గా ఆ పనే. అంత పని 1997లో సాధ్యమైతే ఇప్పుడు ఎందుకు కాదు?

ఫోన్ ఇట్లా పూడుకుపోవడానికి మన కళ్ళముందే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు మీద బడి బస్సును నాందేడ్-సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొట్టింది. పుస్తకాల సంచులు, టిఫిన్ డబ్బాలు పట్టాల పక్కన చెల్లాచెదురైన ఆ దృశ్యం తెలంగాణ మరచిపోలేదు. ఆ సమయంలో డ్రైవర్ ఫోన్ మాట్లాడుతున్నాడన్న మాట ఆనాడే పత్రికల్లో వచ్చింది. తర్వాత చర్చంతా గేటు చుట్టూనే నడిచింది. గేటు ముఖ్యమే. 2019 జనవరి నాటికి దేశంలో బ్రాడ్‌గేజ్ మార్గాల మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశారు. అందుకు మాసాయిపేట పసివాళ్ళు చెల్లించిన మూల్యం కూడా ఒక కారణం. కానీ ఆ ఉదయపు రెండో సగమైన ఫోన్‌ను ఎవరూ ముట్టుకోలేదు. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్‌లో అట్లాంటి గేటు మీదే 13 మంది బడి పిల్లలు చనిపోయారు. డ్రైవర్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయని అక్కడా చెప్పారు. గేట్లు పోయాయి. ఇయర్‌ఫోన్లు మాత్రం అప్పటి కంటే ఇప్పుడు చిన్నవై, తీగ కూడా లేకుండా, దూరం నుంచి చూస్తే కనబడనంతగా చెవుల్లో దాక్కున్నాయి.

చట్టం లేదని చెప్పలేం. 2018లో కేరళ హైకోర్టు, నడుపుతూ ఫోన్ మాట్లాడటం ఒక్కటే నేరమనడానికి పోలీసు చట్టంలో ఆధారం లేదని, ఇతరులకు ప్రమాదం కలిగించినట్టు తేలాలని చెప్పింది. 2019 మోటారు వాహనాల సవరణ ఆ సందు మూసింది. చేత్తో పట్టుకొనే ఫోన్ వాడటాన్ని 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్‌లో చేర్చింది. మొదటిసారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. మూడేళ్ళలోపు మళ్ళీ దొరికితే రెండేళ్ళ దాకా జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. 2020 అక్టోబర్ నుంచి దారి చూసుకోవడానికి మాత్రం, అదీ ధ్యాస చెదరకుండా వాడుకోవచ్చని నిబంధన తెచ్చారు. చట్టం పట్టుకున్నది చేతిని మాత్రమేనన్నది నా మొదటి అభ్యంతరం. చున్నీలో దోపిన ఫోన్, చెవిలో దాగిన ఇయర్‌బడ్ చట్టానికీ కెమెరాకూ కూడా చిక్కవు. ప్రమాదమేమో చేతిలో కంటే మనసులోనే ఎక్కువ.

మన రాష్ట్రం ఆ చట్టాన్ని ఎట్లా చూసిందన్నది రెండో సంగతి. 2019లో పెంచిన జరిమానాలను అప్పటి ప్రభుత్వం అమలు చేయబోమంది. పేదల మీద భారమన్న ఆ వాదనలో నిజం ఉంది. కూలిపని చేసుకునేవాడికి ఐదు వేలంటే వారం రోజుల కూడు. కానీ ఆ తర్వాత జరిగింది వేరు. 2022 మార్చిలో పెండింగ్ చలానాలు ఒకేసారి కడితే ద్విచక్ర వాహనాలకు 75 శాతం మాఫీ అన్నారు. 2023 డిసెంబర్‌లో అది 80 శాతమైంది. హెల్మెట్ లేనివాడికీ, రాంగ్ పార్కింగ్ వాడికీ, ఫోన్ మాట్లాడుతూ నడిపినవాడికీ ఒకే తగ్గింపు. సంక్రాంతికి బట్టల దుకాణంలో ఇచ్చినట్టు ఇస్తే జనం ఏం నేర్చుకుంటారు? కట్టకుండా ఆగితే మళ్ళీ తగ్గిస్తారని నేర్చుకుంటారు, నేర్చుకున్నారు కూడా. పేదవాడి మీద జరిమానా పెంచమని నేను అడగను. ప్రాణాలతో చెలగాటమాడే తప్పులను ఆ మాఫీ జాబితాలోంచి తీసేయమని మాత్రం గట్టిగా అడుగుతున్నాను. సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ 2015 ఆగస్టులోనే, ఫోన్ వాడుతూ నడిపినవారి లైసెన్సును కనీసం మూడు నెలలు నిలిపివేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. అందుకు రూపాయి ఖర్చు లేదు. పేదవాడైనా పెద్దకారువాడైనా మూడు నెలలంటే మూడు నెలలే.

ఆర్టీసీ ఈ విషయంలో ఒక అడుగు వేసింది. 2025 సెప్టెంబర్ 1 నుంచి 11 డిపోల్లో ప్రయోగాత్మకంగా, డ్యూటీ ఎక్కేముందు డ్రైవర్ తన ఫోన్‌ను డిపోలో అప్పగించి పోవాలన్న నిబంధన పెట్టింది. డ్రైవర్లను అనుమానిస్తున్నారని కొందరు నొచ్చుకున్నారు. నాకు మాత్రం అందులో డ్రైవర్ మీద దయే కనబడింది. యాభై మందిని వెనకేసుకొని నడిపే మనిషికి అప్పులవాడి ఫోన్, ఇంటి గొడవ, చుట్టాల చావు కబురు ఏదీ స్టీరింగ్ మీద ఉండగా చేరకూడదు. ఎత్తాలా వద్దా అన్న బరువు అతని మీద నుంచి దించేయాలి.

ఆ బరువు దించుకోలేని మనుషులు కొత్తగా పుట్టుకొచ్చారు. రాత్రి పదింటికి నయీంనగర్‌లో, నక్కలగుట్టలో తిరిగే డెలివరీ పిల్లలను చూడండి. వాళ్ళకు ఫోనే మేస్త్రీ, ఫోనే హాజరుపట్టీ, ఫోనే దారి. హ్యాండిల్ మీద బిగించిన అద్దంలో ఆర్డర్ మెరుస్తుంది, కొన్ని సెకన్లలో వేలు పెట్టకపోతే అది ఇంకొకరికి పోతుంది. వాళ్ళను రోడ్డు మీద ఆపి చలానా రాస్తే న్యాయం సగమే. బండి కదులుతున్నప్పుడు ఆర్డర్ పంపని విధంగా ఆ యాప్‌ను మార్చమని కంపెనీలను ఆదేశించడం ప్రభుత్వానికి చేతకాని పని కాదు. బండి కదులుతోందో ఆగిందో ఆ యాప్‌కు తెలుసు. మనకూ తెలుసు. మ్యాపు మీద ఆ చిన్న బండి బొమ్మ మన వీధి వైపు వస్తుండటం చూస్తూనే “ఎక్కడున్నారు?” అని ఫోన్ చేస్తాం.

ఆఫీసులు, ప్రైవేటు ఆస్పత్రులు, ఫైనాన్సు సంస్థలు, మార్కెటింగ్ కంపెనీలు కూడా ఈ లెక్కలో ఉన్నాయి. సార్ ఫోన్ చేస్తే ఎత్తకపోతే ఏమంటాడో అన్న భయంతో బండి మీద ఫోన్ ఎత్తే మనుషులు మన చుట్టూ ఎంతమందో. ఏ సంస్థ అయినా తన ఉద్యోగులకు ఒక కాగితం ఇవ్వొచ్చు: బండి మీదుండగా మా ఫోన్ ఎత్తకపోవడం మీ తప్పు కాదు, ఎత్తడమే తప్పు అని. జిల్లా అధికారులు తమ కింది సిబ్బందికి ఆ మాట ముందుగా చెబితే ఇంకా బాగుంటుంది. టెలికాన్ఫరెన్స్‌లో ఉండి జీపు నడుపుతున్న ఉద్యోగిని మనలో చూడనివాళ్ళు లేరు.

కొత్త సంస్కారమేదో ఎక్కడినుంచో తెచ్చుకోవాల్సిన అవసరం వరంగల్‌కు లేదు. అది కాజీపేట రైల్వే ఇళ్ళల్లో ఉంది. లోకో పైలట్లు ఇంజన్ నడుపుతున్నంతసేపూ ఫోన్ స్విచ్ఛాఫ్‌లో ఉండాలన్నది రైల్వే నిబంధన. నిబంధన కంటే గొప్పది ఆ ఇళ్ళల్లో పెరిగిన అలవాటు. మా వీధి చివర ఒక లోకో పైలట్ కుటుంబం ఉండేది. ఒకసారి ఆయన కోసం పోతే డ్యూటీలో ఉన్నాడని చెప్పింది ఆయన భార్య. ఫోన్ నంబరు ఇవ్వమన్నాను. ఆమె నవ్వి, “ఆయన ఇంజనెక్కిండంటే మాకు లేనట్టే లెక్క అన్నా. మా మామ పోయిన రోజు గూడ బండి దిగినంకనే చెప్పినం” అంది. ఆ మాటలో బాధ లేదు, ఫిర్యాదు లేదు. వెనక వందల మంది కూర్చున్న మనిషి దగ్గరికి చావు కబురైనా సరే ఆగి పోవాలని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పాలపాకెట్ సంగతి, మేనమామ ఇంటి సంగతి ఆ మాట ముందు నిలబడతాయా? స్కూటీ వెనక వందల మంది ఉండకపోవచ్చు. నాకైతే దాని మీద నా ఇల్లంతా ఉంది.

ఫోన్‌ను ఆపడం పరాయి దేశాల్లో మాత్రమే జరిగే పని అనుకోవద్దని కాజీపేట మాట చెప్పాను. పరాయి దేశాలూ ఊరుకోలేదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 2019 డిసెంబర్‌లోనే డ్రైవర్ చేతిలో ఫోన్‌ను పట్టే ప్రత్యేక కెమెరాలను రోడ్ల మీద పెట్టింది. జపాన్‌లో 2016లో ఫోన్‌లో ఆట ఆడుతూ ట్రక్కు నడిపిన ఒకతను తొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి బలిగొన్నాక ఆ దేశం కదిలిపోయింది, 2019లో శిక్షలు పెంచింది. మనమూ కెమెరాలు పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి. కానీ కెమెరా ఫోన్ చేసినవాణ్ణి ఫొటో తీయదు. వరంగల్ పోలీస్ కమిషనరేట్ ఒక పని తనంతట తానే మొదలుపెట్టొచ్చు. ప్రాణం పోయిన ప్రతి కేసులోనూ ప్రమాదానికి ముందు ఐదు నిమిషాల కాల్ రికార్డు తెప్పించి ఫైలులో పెట్టడం. ఒక్క ఏడాది చేస్తే చాలు, ఆ 2 శాతం వెనక ఎంత దాగి ఉందో మన ఊరి లెక్కే చెబుతుంది. ఆ కాల్ చేసిన నంబరు ఎవరిదో వాళ్ళింట్లో వాళ్ళకు మాత్రం అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. దానికి పోలీసులు అక్కర్లేదు.

మొన్న మళ్ళీ అదే వేళ. చీకటి పడుతోంది, బిడ్డ ఇంకా రాలేదు. ఫోన్ చేశాను. ఎత్తింది. గాలి హోరు, ఒక హారన్ మోత. “బాపూ...” అంది. ఏమీ మాట్లాడకుండా పెట్టేశాను. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి అరుగు మీద కూర్చున్నాను. ఎదురింటి దీపాలు వెలిగాయి. ఒక గూడ్సు బండి కాజీపేట వైపు పోయింది, దాని పెట్టెలన్నీ ఒకటొకటిగా లెక్కపెట్టాను. తొమ్మిది నిమిషాలకు గేటు చప్పుడైంది.

“ఎందుకు చేసినవ్ బాపూ?” హెల్మెట్ తీస్తూ అడిగింది.

ఎందుకు చేశానో నాకు గుర్తు లేదు.